జీవుడు వచ్చే వేళ
(గిడుగు వెంకట రామమూర్తి స్మారకోపన్యాస పాఠం)

గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు మీద జరిగే సభల్లో సాధారణంగా భాష గురించే మాట్లాడతారు. అది న్యాయమే. ఈ ఉపన్యాసాన్ని ఈ తీరులో రాసుకోగలిగే వీలు కూడా ఆయన పోరాటం వల్ల వచ్చిందే. అయితే 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గడిపిన ఆ పంతులు గారు చేసిన పనులు ఇంకా ఉన్నాయి. కొండల మీది సవరల మాట నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించారు. అంతకు ముందే, 1919లో, వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను లోకం దృష్టికి తెచ్చారు. సవరలది చనిపోయినవాళ్ళతో మాట్లాడుతూ బతికే సమాజం. శాలిహుండంలో ఇటుకలు పేర్చినవాళ్ళది ఆత్మ అనే పదార్థమే లేదన్న మతం. ఈ రెండు లోకాల తలుపులూ ఒకే మనిషి తెరిచాడు కనుక, ఆయన స్మృతిలో ఈ ప్రశ్న అడగడం అసందర్భం కాదనుకుంటాను: తల్లి కడుపులోని పిండంలోకి జీవుడు ఎప్పుడు వస్తాడు? వచ్చాడని తెలిస్తే, దానివల్ల మనకు తేలేదేమిటి?

ఈ ప్రశ్నకు ఇప్పుడు వేదికల మీద చాలా ధీమాగా జవాబు చెబుతున్నారు. గర్భం నిలిచిన క్షణంలోనే ఆత్మ ప్రవేశిస్తుందనీ, మన శాస్త్రాలన్నీ ముక్తకంఠంతో అదే చెప్పాయనీ, అందుచేత తక్కిన చర్చ అనవసరమనీ అంటారు. మరోపక్క ఆత్మ ఒక కట్టుకథ కాబట్టి ప్రశ్నే వ్యర్థమని కొట్టిపారేసేవాళ్ళున్నారు. ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారని నా వాదన. ఆత్మ వచ్చే తేదీ తేలితే కడుపులోని బిడ్డ విలువ తేలిపోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. ఒకరు తేదీ ఇస్తారు, మరొకరు తేదీ లేదంటారు. మన ఉత్తరాంధ్ర నేల ఎరిగిన మతాలు మాత్రం అలా లెక్క కట్టలేదు. తేదీలు అవీ ఇచ్చాయి, రకరకాలుగా ఇచ్చాయి. బిడ్డ పట్ల బతికున్నవాళ్ళు ఏం చేయాలన్నది మాత్రం ఆ తేదీ నుంచి రాబట్టలేదు.

ముందు గ్రంథాలు ఏమన్నాయో చూద్దాం. ముక్తకంఠం అన్న మాట అక్కడే వీగిపోతుంది. గర్భోపనిషత్తు పిండం పెరిగే క్రమాన్ని రాత్రుల లెక్కన, నెలల లెక్కన చెబుతుంది. ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుడగ, పక్షానికి పిండం, ఇలా సాగి ఏడో నెలలో అది జీవుడితో కూడుతుందంటుంది. తొమ్మిదో నెలలో ఆ జీవుడు పూర్వజన్మలు తలచుకుని, ఈసారి బయటపడితే దైవాన్ని ఆశ్రయిస్తానని ఒట్టు పెట్టుకుంటాడు. పుట్టగానే వైష్ణవ వాయువు సోకి అంతా మరిచిపోతాడు. భాగవతం తృతీయ స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి చెప్పింది ఇందుకు భిన్నం. అక్కడ జీవుడు కర్మవశాన పురుషుడి రేతస్సును ఆశ్రయించి మొదట్లోనే గర్భంలోకి వస్తాడు. ఏడో నెలలో కలిగేది ప్రవేశం కాదు, తెలివి. చరకుడు శారీరస్థానంలో శుక్రశోణితాలు గర్భాశయంలో కలిసినప్పుడు మనస్సుతో కూడిన జీవుడు దిగివస్తేనే గర్భం అవుతుందన్నాడు. సుశ్రుతుడు నాలుగో నెలలో గుండె ఏర్పడి చైతన్యం వ్యక్తమవుతుందనీ, అప్పుడే గర్భిణి రెండు హృదయాలు గలదవుతుందనీ అన్నాడు. వేవిళ్ళ కోరికలు తీర్చాలనే మన ఇళ్ళ పట్టింపు వెనక ఉన్న శాస్త్రం అదే. ఐతరేయోపనిషత్తు ఇంకా వెనక్కి పోయి, జీవుడు మొదట తండ్రి దేహంలోనే గర్భంగా ఉంటాడని చెప్పింది.

ఛాందోగ్యం అంతకన్నా దూరం తీసుకుపోతుంది. పరలోకం నుంచి తిరిగివచ్చే జీవుడు వానగా కురిసి, వరిగా, యవలుగా మొలిచి, అన్నమై, రేతస్సై గర్భానికి చేరతాడని పంచాగ్నివిద్య. దీని మీద బ్రహ్మసూత్రాల మూడో అధ్యాయంలో ఒక గట్టి చిక్కు లేవనెత్తారు. వరికంకిలో జీవుడుంటే, కోతల్లో కొడవలి పడ్డప్పుడు, రోకటిపోటు పడ్డప్పుడు వాడి గతి ఏమిటి? శంకరుల సమాధానం జాగ్రత్తగా వినదగినది. ఆ మొక్కకు దాని సుఖదుఃఖాలు అనుభవించే జీవుడు వేరే ఉన్నాడు. దిగివచ్చేవాడు అందులో ఆనుకుని ఉన్నాడు తప్ప ఆ దేహం వాడిది కాదు, కనుక దాని బాధ వాడికి అంటదు. అంటే జీవుడు ఒకచోట ఉండడం వేరు, అక్కడి దేహానికి భోక్త కావడం వేరు. నా దృష్టిలో మొత్తం చర్చకు ఇరుసు ఈ భేదమే. ఉనికి ఒక్కటే సరిపోతే వడ్లు దంచడం కూడా హత్యే అవుతుంది. సరిపోదని వేదాంతమే ఒప్పుకున్నాక, గర్భం నిలిచిన రోజున జీవుడున్నాడని రుజువు చేసినంత మాత్రాన మిగతా ప్రశ్నలన్నీ మూతపడవు.

అసలు వచ్చే ఆత్మ ఎలాంటిదో తేలకుండా అది ఎప్పుడు వచ్చిందని అడగడానికీ లేదు. న్యాయవైశేషికాల్లో, సాంఖ్యంలో, అద్వైతంలో ఆత్మ విభువు, అంతటా నిండి ఉన్నది. నిండి ఉన్నదానికి రాకపోకలు ఎక్కడివి? కదిలేది మనస్సు, లేదా సూక్ష్మశరీరం. రామానుజ, మధ్వ మతాల్లో జీవుడు అణువు కాబట్టి నిజంగానే వస్తాడు, పోతాడు. ఈ తగవు కాశీలోనో కంచిలోనో మాత్రమే జరిగినది కాదు. శ్రీకూర్మం గుడిలో మధ్వాచార్యుల శిష్యుడు నరహరితీర్థులు కళింగంలో రాజ్యాధికారం నెరపుతూ 1281లో శాసనం వేయించారు. అదే గుడి శ్వేతపుష్కరిణిలో ఇప్పటికీ ఉత్తరాంధ్ర ఇళ్ళవాళ్ళు అస్థికలు కలుపుతున్నారు. ఆత్మ విభువనేవాళ్ళూ, అణువనేవాళ్ళూ, ఏమీ తెలియదనేవాళ్ళూ ఒకే మెట్ల మీద నిలబడి ఒకే కర్మ చేసి వెళ్ళారు. ఇక విజయనగరం సంగతి. ఆనంద గజపతి మహారాజు మాక్స్‌ముల్లర్ ఋగ్వేద సాయణభాష్యం రెండో ముద్రణకు ధనసహాయం చేశారని చాలామందికి తెలుసు. కాశీలో అచ్చయిన విజయనగరం సంస్కృత గ్రంథమాలను మాత్రం మనమే మరిచిపోయాం. 1895లో ప్రశస్తపాద భాష్యం న్యాయకందళితో, 1898లో వాచస్పతి న్యాయవార్తిక తాత్పర్యటీక అందులోనే వచ్చాయి.

ఆ న్యాయగ్రంథాల్లో పుట్టిన బిడ్డే సాక్షి. అప్పుడే భూమ్మీద పడ్డ శిశువు పాలకు ఎగబడుతుంది, నవ్వుతుంది, ఉలిక్కిపడుతుంది. ఈ లోకంలో ఏమీ అనుభవించకుండా ఇవి ఎలా వచ్చాయి? పూర్వజన్మ సంస్కారం వల్లనే అని నైయాయికుల వాదం. తామర పొద్దుటికి విచ్చుకున్నట్టు, ఇనుము అయస్కాంతం వైపు జరిగినట్టు ఇది స్వభావం కాకూడదా అని ఎదురువాదాన్ని సూత్రకారుడే ఎత్తుకుని, దానికీ జవాబు చెప్పాడు. ఈ కాలపు పరిశోధన ఆ వాదానికి ఇంకో ఎదురు కల్పించింది. పుట్టి రెండు మూడు రోజులైనా కాని పిల్లలు తల్లి గొంతును గుర్తుపట్టి దానికే మొగ్గు చూపుతారని 1980లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో తేలింది. కడుపులోనే కొంత నేర్పు పట్టుబడుతుందన్నమాట. అయితే నాకు ఇక్కడ కావలసినది న్యాయవాదం గెలిచిందా ఓడిందా అన్నది కాదు. అది పూర్తిగా గెలిచినా తేలేది ఆత్మ ముందునుంచీ ఉన్నదని. ఏ నెలలో ఈ పిండంతో సంబంధం పెట్టుకుందో ఆ వాదం చెప్పదు, చెప్పవలసిన అవసరం దానికి కలగలేదు. ఆత్మ నిత్యమని ఇంత కష్టపడి స్థాపించిన దర్శనం కూడా దాని రాక తేదీ మీద ఏ ధర్మాన్నీ నిలబెట్టలేదు.

శాలిహుండం బౌద్ధులు ఆత్మను ఒప్పుకోరు కనుక వాళ్ళ మతంలో కడుపులోని ప్రాణానికి లెక్క ఉండదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. తల్లిదండ్రుల కలయిక, తల్లి ఋతుకాలం, గంధర్వం అనే మూడూ కూడితేనే గర్భం అని బుద్ధుడు చెప్పినట్టు మజ్ఝిమనికాయంలో ఉంది. వినయపిటకంలో మనిషిని చంపిన భిక్షువు సంఘం నుంచి శాశ్వతంగా పోతాడు. అక్కడ మనిషి అంటే తల్లి కడుపులో తొలి విజ్ఞానం కలిగినది మొదలు మరణం దాకా అని స్పష్టంగా రాశారు. ఉపసంపదకు, అంటే భిక్షువుగా పూర్తి దీక్షకు, నిండవలసిన ఇరవై ఏళ్ళలో కడుపులోని నెలలు కలుపుకోవచ్చు. చచ్చినవాడికీ పుట్టేవాడికీ నడుమ అంతరాభవం అనే దశ ఉందా లేదా అని సర్వాస్తివాదులూ స్థవిరవాదులూ వందల ఏళ్ళు కొట్లాడుకున్నారు గాని ఈ నియమం మారలేదు. విజయనగరం దగ్గర రామతీర్థం కొండల మీద బౌద్ధుల పక్కనే జైనుల గుర్తులూ ఉన్నాయి. జైనుల జీవుడు ఏ దేహంలో ఉంటే ఆ దేహమంత పరిమాణం పొందుతాడు. ఒక దేహం విడిచాక క్షణాల్లోనే మరో గర్భంలో ఉంటాడు. ఆత్మ లేదన్నవారూ, ఆత్మ దేహమంత అన్నవారూ ఒకే కొండల్లో విడిది చేసి, ఇద్దరూ గర్భస్థ ప్రాణాన్ని చంపరాదన్నారు. ఆ నిషేధం ఆత్మ సిద్ధాంతం మీద ఆధారపడి ఉంటే ఇద్దరికీ సమానంగా దక్కేది కాదు.

తేదీ కోసం పట్టుబట్టే అలవాటు మన దగ్గర కన్నా పడమట ఎక్కువ. దానికి కారణం ఉంది. అరిస్టాటిల్ చెట్టుకు పోషక ప్రాణం, జంతువుకు ఇంద్రియ ప్రాణం, మనిషికి మాత్రమే వివేకం గల ఆత్మ అని మూడంచెలు కట్టాడు. మగపిండం నలభై రోజులకు, ఆడపిండం తొంభై రోజులకు కదులుతుందన్నాడు. ఆ లెక్కే తర్వాతివాళ్ళ చేతిలో ఆత్మ లెక్క అయింది. థామస్ అక్వైనస్ వివేకాత్మ పిండం తగినంత రూపం కట్టాకే దేవుడి చేత కలుగుతుందని చెప్పాడు. రూపం కట్టిన పిండం, కట్టని పిండం అనే తేడా రోమన్ చర్చి శిక్షాస్మృతిలో 1869 దాకా బతికింది. ఇస్లాంలో ప్రసిద్ధ హదీసు నలభై రోజుల చొప్పున మూడు దశలు దాటాక దేవదూత ఆత్మను ఊదుతాడంటుంది. నూట ఇరవై రోజుల గీత ఆధారంగా న్యాయశాఖలు వేర్వేరు తీర్పులు ఇచ్చాయి. ఆత్మ మనిషికే ప్రత్యేకమైతే, అది వచ్చిన క్షణమే మనిషి అయిన క్షణం. అందుకని ఆ క్షణం పట్టుకోవలసి వచ్చింది. మన మతాల్లో చీమకూ జీవుడున్నాడు, గరికకూ ఉన్నాడు. జీవుడు ఉండడం ఇక్కడ మనిషికి ఆనవాలు కానే కాదు. పడమటి ప్రశ్నను తెచ్చి మన శాస్త్రాల చేత జవాబు చెప్పించేవాళ్ళు ఈ తేడాను దాటేస్తున్నారు.

దాటేయడం కొత్త కాదు, చట్టం ముందే ఆ పని చేసింది. కడుపులో బిడ్డ కదలిక తెలిసినప్పటి నుంచి ప్రాణం ఉన్నట్టు లెక్క అని ఇంగ్లండు న్యాయవేత్తలు పాటించిన గీత 1860 భారత శిక్షాస్మృతి 312వ సెక్షనులో చేరింది. మామూలు గర్భవిచ్ఛిత్తికి మూడేళ్ళ దాకా, కదలిక వచ్చిన గర్భమైతే ఏడేళ్ళ దాకా శిక్ష. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షనులోనూ ఆ భేదం చెక్కుచెదరలేదు. అరిస్టాటిల్ దగ్గర మొదలైన లెక్క ఒకటి గరివిడిలోనో టెక్కలిలోనో కేసు రాసే హెడ్‌కానిస్టేబుల్ చేతి పుస్తకంలో ఇంకా బతికే ఉంది. తమాషా ఏమిటంటే, గర్భస్రావాన్ని మొదటినుంచీ నిషేధించే కథోలిక చర్చే 1974 ప్రకటనలో ఆత్మ ఎప్పుడు ప్రవేశిస్తుందన్న ప్రశ్నను కావాలని పక్కన పెట్టింది. ఆ సంగతి తేలకపోయినా తన బోధ నిలుస్తుందని చెప్పుకుంది. ఆ బోధతో ఏకీభవించకపోయినా, తేదీ మీద ఇల్లు కట్టకూడదన్న తెలివిడి మెచ్చదగినదే.

ఇక ఆచారం దగ్గరికి వద్దాం. నా వాదనకు గట్టి సాక్ష్యం అక్కడుంది. మన స్మృతుల్లో రెండు గడియారాలు పక్కపక్కనే నడుస్తాయి. ఉపనయనానికి గర్భాష్టమం అంటాం, అంటే వయసు గర్భం నుంచే లెక్క. అదే స్మృతులు గర్భం పోయినప్పుడు ఎన్ని నెలల గర్భమో అన్ని రాత్రులు తల్లికి మైల అన్నాయి. నాలుగో నెల దాకా స్రావం, ఐదు ఆరు నెలల్లో పాతం, ఆ పైన ప్రసవమే అని పరాశర స్మృతి. రెండేళ్ళు నిండని బిడ్డ పోతే పాతిపెట్టాలి, అగ్నిసంస్కారం లేదు, ఉదకదానం లేదు అని మనువు. పళ్ళు వచ్చాయా, పుట్టువెంట్రుకలు తీయించారా, ఒడుగు అయిందా అన్నదాన్నిబట్టి మైల రోజులు పెరుగుతాయి. ఈ మెట్ల మీద ఎక్కడా జీవుడు కొంచెం కొంచెంగా వచ్చాడని ఎవరూ అనలేదు. జీవుడు మొదటి మెట్టు దగ్గరా ఒకడే, చివరి మెట్టు దగ్గరా ఒకడే. మారినది బతికున్నవాళ్ళకూ ఆ బిడ్డకూ మధ్య ఉన్న బంధం, దాన్నిబట్టి వాళ్ళు చేయవలసిన కర్మ. వీరశైవంలో ఇంకో దారి: తల్లి కడుపులో ఉన్న ఎనిమిదో నెలలోనే బిడ్డకు లింగధారణ చేయిస్తారు. అక్కడ సమాజం తన చేయి ముందుగా చాపింది, అంతే. వీరశైవ సిద్ధాంతం జీవుడి రాకను ఎనిమిదో నెలకు జరపలేదు.

సవరల దగ్గర ఈ సంగతి మరింత తేటగా కనిపిస్తుంది. వెర్రియర్ ఎల్విన్ 1955లో, పియర్స్ విటెబ్స్కీ 1993లో ప్రచురించిన పుస్తకాలు సరిహద్దుకు ఆవల ఒడిశా కొండల్లోని సవరల గురించి వివరంగా చెబుతాయి. చనిపోయినవారు పూనకంలో వచ్చి బతికున్నవాళ్ళతో మాట్లాడతారు, పోట్లాడతారు, బాకీలు అడుగుతారు. కొంతకాలానికి ఆ పెద్దవాళ్ళ పేరు వంశంలో పుట్టిన బిడ్డకు పెడతారు. పేరు ఇచ్చిన పెద్ద ఆ బిడ్డకు కాపు. చివరికి ఆ చనిపోయినవారు పాతాళంలో మరోసారి చనిపోయి సీతాకోకచిలుకలవుతారట. పిండంలోకి ఆత్మ ఏ నెలలో దూరిందన్నది ఇక్కడ పట్టుకోవలసిన విషయం కాదు. బిడ్డను వంశం ఎవరి స్థానంలో నిలబెట్టిందన్నదే విషయం. మైదానాల్లో మనమూ తాత పేరు మనవడికి పెట్టి, ముసలాయన మళ్ళీ వచ్చాడంటాం. కర్మసిద్ధాంతం ప్రకారం తాత ఎక్కడ పుట్టాడో ఎవరికి తెలుసు? ఆ పేరు సిద్ధాంతానికి కాక బంధానికి సంబంధించినది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది భ్రూణహత్య. అది బ్రహ్మహత్యతో సమానమని శాస్త్రాలు చెబుతుంటే విలువ లేదంటారేమిటని అడగవచ్చు. విలువ లేదని నేను అనలేదు. ఆ విలువ ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతున్నాను. మనుస్మృతి పదకొండో అధ్యాయం ఆడో మగో తెలియని గర్భాన్ని చంపితే బ్రహ్మహత్యా ప్రాయశ్చిత్తం చేసుకోమంది. తెలియని గర్భం అని ప్రత్యేకించడం ఎందుకు? అది మగబిడ్డ కావచ్చునన్న శంక పాపాన్ని అంత బరువు చేసింది. ఆడపిండమని తెలిస్తే ఆ బరువు అంతగా ఉండదని దీని అంతరార్థం. జీవుడు రెంటిలోనూ సమానమే కదా! కాబట్టి ఆ తూకంలో పడినది జీవుడు కాదు, బయటి సమాజపు హెచ్చుతగ్గులు. పుంసవనం అనే సంస్కారమూ అంతే. కర్మ తెచ్చుకున్న జీవుడు వచ్చి కూర్చున్న తర్వాత కూడా మూడో నెలలో కొడుకును చేసుకోవచ్చునన్న ఆశ అది. గ్రంథాల మీద గౌరవం ఉన్నవాళ్ళు కూడా ఈ భాగాన్ని చూసీచూడనట్టు పోకూడదు.

ఇంకొకరు అంటారు: ఈ మెట్లన్నీ పసిపిల్లలు ఎక్కువగా చనిపోయే కాలపు సర్దుబాట్లు, సిద్ధాంతం కింద లెక్కవేయకండి అని. ఇందులో నిజం ఉంది. పదిమంది పుడితే సగం మంది దక్కని ఇంట్లో ప్రతి చావుకూ పూర్తి కర్మ జరిపితే ఇల్లు నడవదు. కాని ఆ సర్దుబాటు ఏం రుజువు చేస్తోంది? సిద్ధాంతం మారకుండానే బాధ్యతను వేరే కొలతతో కొలవవచ్చునని ఆ సమాజం గుర్తించిందని. మైల రోజులు తగ్గించారు గాని తల్లి దుఃఖాన్ని తగ్గించమని ఏ స్మృతీ శాసించలేదు, శాసించినా చెల్లదు.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. విలువ బంధం నుంచి వస్తుందంటే, ఎవరూ బంధం కలుపుకోని బిడ్డ మాటేమిటి? ఆడపిల్ల అని తెలియగానే వద్దనుకున్న పిండం మాటేమిటి? ఆత్మ ఉందన్న భయమైనా లేకపోతే దాన్ని ఏది కాపాడుతుంది? దీనికి జవాబు మన విజయనగరం చరిత్రలోనే ఉంది. గిడుగు మిత్రుడు గురజాడ 1897లో అచ్చువేసిన కన్యాశుల్కం పీఠికలో, ఆనంద గజపతి తయారు చేయించిన పట్టిక వివరాలు ఇచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో 1034 కన్యాశుల్క వివాహాలు. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందుల ధర మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డ మీద కూడా ఒక్కోసారి బేరం కుదిరేదని ఆయనే రాశారు. ఆ బేరాలాడినవాళ్ళు నాస్తికులు కారు. గర్భాధానం మొదలు సంస్కారాలన్నీ మంత్రపూర్వకంగా జరిపించేవాళ్ళు, జీవుడు మొదటి క్షణం నుంచే ఉన్నాడని పుస్తకం చూడకుండా అప్పజెప్పగలవాళ్ళు. కడుపులోని ఆడపిల్లకు అప్పుడు ధర కట్టారు. ఇప్పుడు స్కానింగ్ యంత్రం ముందు ఆమెను ఖర్చు కింద రాసుకుంటున్నారు. ఆత్మ మీది నమ్మకం అప్పుడూ అడ్డుపడలేదు, ఇప్పుడూ పడడం లేదు. లింగనిర్ధారణను నేరం చేసిన 1994 చట్టం ఆత్మ ఊసే ఎత్తలేదు. ఆడపిల్ల అన్న కారణానికి వద్దనడం తప్పని చెప్పింది, ఆ ఒక్కటీ చాలు.

మరి వద్దనుకున్న బిడ్డ సంగతి? బంధం అంటే ఇష్టం అని నేను అనడం లేదు. ఇష్టపడితే ఇచ్చి, లేకపోతే తీసుకునే బహుమతి కాదది. ఒక ప్రాణి ఉనికికి కారణమైనవాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా దానికి బాకీపడ్డవాళ్ళే. సవరల పేరు పెట్టే తంతు తల్లిదండ్రుల సరదా కోసం ఆగదు. అడిగేవాళ్ళు చనిపోయిన పెద్దలు, జవాబుదారీ వంశం మొత్తం. పుట్టిన తర్వాత ఆ బాకీ ఊరిది కూడా అవుతుంది, ఎందుకంటే బిడ్డను ఎవరైనా ఎత్తుకోగలరు. పుట్టకముందు మాత్రం ఆ బాకీ ఒకే ఒక దేహం గుండా తీరుతుంది. చరకుడూ సుశ్రుతుడూ ఇది బాగా ఎరుగుదురు. గర్భానికి చేయవలసినవని వాళ్ళు చెప్పినవన్నీ గర్భిణికి చేయవలసినవే: ఆమె ఆహారం, ఆమె నిద్ర, ఆమె కోరిక. కాన్పు అడ్డం తిరిగినప్పుడు సజీవంగా ఉన్న శిశువును శస్త్రంతో కోయరాదని సుశ్రుతుడు చెబుతూ ఇచ్చిన కారణం, అలా చేస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారని. తల్లిని పక్కకు తోసి పిండంతో నేరుగా మాట్లాడే ధర్మం అక్కడ లేదు. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం, 2021 సవరణలో కొన్ని తరగతుల స్త్రీలకు పెంచిన ఇరవైనాలుగు వారాల గడువు కూడా అదే దారిలో నడిచాయని నా అభిప్రాయం. గడువు లోపల ఆమె మాటకూ వైద్యుడి మాటకూ ముందు బరువు, గర్భం ముదిరేకొద్దీ షరతులకు బరువు. సీతంపేట కొండల మీద నుంచి నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా దించవలసి వస్తున్నంత కాలం, కడుపులోని జీవుడి గురించి ఆవేశపడేవారు ముందు ఆ రోడ్డు గురించి ఆవేశపడితే వాళ్ళ చిత్తశుద్ధిని నమ్మవచ్చు. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కోసం నడిపిన వసతిగృహం లాంటిది ఒకటి వంద తీర్మానాల పెట్టు.

వాస్తవం ఒకటి ఒప్పుకోవాలి: ఈ వాదనకు కూడా కొన్ని చోట్ల చెమట పడుతుంది. ఒకే పిండం రెండుగా చీలి కవలలయ్యే అవకాశం మొదటి పద్నాలుగు రోజుల దాకా ఉంటుందని 1984లో బ్రిటన్‌లో వార్నాక్ సంఘం పరిశోధనకు ఆ గడువు పెట్టింది. ఒక జీవుడు ముందే వచ్చి ఉంటే రెండోవాడు ఎప్పుడు వచ్చాడన్న ప్రశ్న అణువాదులకు చిక్కే. చరకుడు వాయువు బీజాన్ని రెండుగా చీల్చడం వల్ల కవలలని చెప్పి, జీవుల లెక్క జోలికి పోలేదు. అంతకన్నా కష్టమైనది కృత్రిమ గర్భధారణ కేంద్రాల్లో శీతలీకరించి దాచిన పిండం. చరకుడి లెక్కలో గర్భాశయం కూడా కారణాల్లో ఒకటి కనుక అది ఇంకా గర్భమే కాదు; కపిలుడి లెక్కలో జీవుడు వచ్చి ఎముకలు కొరికే ఆ చలిలో కూర్చున్నాడు. బాకీ తీర్చడానికి తల్లి దేహం అడ్డురాని, తోడూరాని స్థితి ఇది ఒక్కటే. కృత్రిమ గర్భధారణ మీద వచ్చిన 2021 చట్టం అలాంటి పిండాలను పదేళ్ళకు మించి దాచరాదని, ఆ తర్వాత నశించనివ్వాలని, లేదా ఆ దంపతుల అనుమతితో పరిశోధనకు ఇవ్వాలని చెప్పింది. పదేళ్ళన్నది ఏ శాస్త్రం నుంచీ వచ్చిన అంకె కాదు. కాని నిర్ణయాన్ని పిండానికి కారణమైనవాళ్ళ చేతిలోనే పెట్టింది. నా వాదన ప్రకారం ఉండవలసిన చోటు అదే. ఆ ఇద్దరూ విడిపోయి చెరో మాట అన్నప్పుడు ఎవరి మాట నెగ్గాలో మాత్రం బంధం అన్న కొలత ఒక్కటే చెప్పలేదు. అక్కడ ఇంకో వాదన కట్టుకోవలసిందే.